మంచు మీద బండి నడిపిన మెకానిక్

ఈ ఏటి సావనీరుకు ఎవరైనా ఒక గొప్పవాడి జీవితం రాసివ్వమని యూనియన్ మిత్రులు అడిగారు. గొప్పవాడు అనగానే మనకు కవులు, నాయకులు, శాస్త్రవేత్తలు కళ్ల ముందు నిలుస్తారు. నాకు మాత్రం ఒక మెకానిక్ గుర్తొచ్చాడు. ఆయన పేరు జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్. కెనడా దేశస్థుడు. 1964లో కన్నుమూశాడు. మంచు మీద పరుగెత్తే స్నోమొబైల్‌ను ఊరూరికీ చేర్చినవాడు. మే నెలలో కొండరాళ్లు సైతం పెనంలా కాలే పెనుకొండలో పెరిగినవాడికి మంచు బండితో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. అది చెప్పాలంటే ముందు మా ఇంటి స్కూటరు సంగతి చెప్పాలి.

అది 1986వ సంవత్సరం. నాకు తొమ్మిదేళ్లు. మా నాయన పెనుకొండలో బడిపంతులు. మాకున్న ఆస్తి అంతా కలిపి ఒక బజాజ్ చేతక్ స్కూటరు. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే మేమందరం రైలెక్కి ధర్మవరంలో మా అవ్వగారింటికి పోయేవాళ్లం. అక్కడ రెండు నెలలూ మగ్గాల చప్పుడులోనే మా నిద్ర, మా ఆట. స్కూటరు మాత్రం పెనుకొండ ఇంటి పంచలో గోనెపట్టా కప్పుకొని ఒంటరిగా ఉండిపోయేది. ఆ ఏడు బయల్దేరే తొందరలో మా నాయన ఒక చిన్న పని మరిచిపోయాడు. పెట్రోల్ ట్యాపు కట్టేయలేదు.

జూన్‌లో తిరిగొచ్చిన మూడో రాత్రి నాకు కడుపునొప్పి మొదలైంది. మొదట బొడ్డు చుట్టూ, తర్వాత కుడిపక్కకు దిగింది. జ్వరం, వాంతులు. వీధి చివర డాక్టరు చూసి, ఇది ఇక్కడ తేలేది కాదు, వెంటనే హిందూపురం తీసుకుపొమ్మన్నాడు. దాదాపు నలభై కిలోమీటర్లు. చివరి బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. మా నాయన స్కూటరు బయటికి లాగి కిక్కు కొట్టాడు. ముప్పై సార్లు కొట్టాడో, నలభై సార్లు కొట్టాడో. చోక్ లాగాడు. బండిని పక్కకు వంచి లేపాడు. ప్లగ్గు ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించాడు. సెకండ్ గేరులో వేసి రోడ్డు పొడవునా తోశాడు. బండి ఉలకలేదు, పలకలేదు. అమ్మ ఒళ్లో పడుకుని నేను ఆ కిక్కుల చప్పుడు లెక్కపెట్టుకోవడం నాకింకా గుర్తుంది.

గంట గడిచాక పక్క వీధిలో చింతపండు మూటలతో హిందూపురం మార్కెట్టుకు బయల్దేరుతున్న లారీ దొరికింది. డ్రైవరన్న నన్ను క్యాబిన్‌లో పడుకోబెట్టుకున్నాడు. తెల్లవారకముందే ఆపరేషన్ అయింది. అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉందనీ, ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే తన చేతిలో ఉండేది కాదనీ డాక్టరుగారు మా నాయనతో అన్నారట. ఆ మాట మా నాయన నాకు చెప్పడానికి పదేళ్లు పట్టింది.

తర్వాత మెకానిక్ కార్బొరేటర్ విప్పి చూస్తే దాని గిన్నెలో పెట్రోల్ చుక్క లేదు. అడుగున ముదురు గోధుమరంగు జిగురు ఉంది. ట్యాపు తెరిచి ఉండటంతో ఎండకు గిన్నెలో పెట్రోల్ ఆవిరైపోయేది, ట్యాంకు నుంచి మళ్లీ కొంత దిగేది, అదీ ఆవిరయ్యేది. దానిలో కలిపిన టూటీ ఆయిల్ మాత్రం పోయేది కాదు. రెండు నెలల్లో ఆ ఆయిలూ, పాతబడిన పెట్రోల్ మడ్డీ కలిసి జెట్టు రంధ్రాన్ని పూడ్చేశాయి. ఆ రంధ్రం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. అంత సందు మూసుకుపోయినందుకు ఒక ప్రాణం మీదికి వచ్చింది.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో లైబ్రరీలో వాహనాల చరిత్ర తిరగేస్తుంటే బొంబార్డియర్ తటస్థపడ్డాడు. ఆయన జీవితంలో ఒక్క సంఘటన దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

బొంబార్డియర్ 1907 ఏప్రిల్ 16న క్యూబెక్ రాష్ట్రంలో వాల్‌కూర్ అనే పల్లె దగ్గర పుట్టాడు. ఫ్రెంచి మాట్లాడే కుటుంబం. ఆ సీమలో నవంబరులో మొదలైన మంచు ఏప్రిల్ దాకా ఉంటుంది. పిల్లవాడికి చిన్నప్పటి నుంచీ యంత్రాల పిచ్చి. పాత గడియారాలు విప్పి బొమ్మ బండ్లు చేసేవాడు. కుదురుగా ఉండడని, చదివించి చర్చి ఫాదరీని చేద్దామని పద్నాలుగేళ్ల వయసులో షెర్‌బ్రూక్ పట్నంలోని మతపాఠశాలకు పంపారు. పిల్లవాడి మనసు మాత్రం పలకాబలపం దగ్గర లేదు, పానాల దగ్గర ఉంది.

మంచి కార్లను పాడుచేస్తాడనే భయంతోనేమో, తండ్రి 1922లో ఒక పాత ఫోర్డ్ కారు ఇచ్చి, దీనితో ఏమైనా చేసుకో అన్నాడు. పదిహేనేళ్ల ఆర్మాండ్, తమ్ముడు లియోపోల్డ్ కలిసి దాని ఇంజను తీసి, మంచు మీద జారే చెక్క బండికి బిగించి, వెనక విమానానికి ఉన్నట్టు పంకా పెట్టారు. 1922 డిసెంబరు 31న ఆ బండి ఊరి వీధిలో రొద చేసుకుంటూ పరుగెత్తింది. జనం గుమ్మాల్లోకి వచ్చి చూశారు. వెనక తిరుగుతున్న పంకాకు రక్షణ ఏమీ లేదు, ఎవరి చెయ్యి తగిలినా అంతే. తండ్రి ఆ రోజే దాన్ని విప్పేయమన్నాడు. కొడుకు విప్పేశాడు, కానీ మంచు మీద బండి నడపాలన్న ఆలోచనను మాత్రం విప్పలేదు.

చివరికి తండ్రి దిగొచ్చాడు. 1924లో ఆర్మాండ్ మతపాఠశాల వదిలి గ్యారేజీలో పనికి కుదిరాడు. తర్వాత మాంట్రియల్ పోయి పగలు పని, రాత్రి చదువు. మెకానిక్కు పని, కరెంటు పని, యంత్రాల గురించి ఇంగ్లీషు పుస్తకాలు చదవగలిగేంత ఇంగ్లీషు నేర్చుకున్నాడు. కాలేజీ డిగ్రీ మాత్రం లేదు. డిగ్రీలు ఉన్న మనం ఈ ముక్క కొంచెం ఆగి చదవాలి. 1926లో, పంతొమ్మిదేళ్లకు, వాల్‌కూర్‌లో సొంత గ్యారేజీ తెరిచాడు. 1929లో ఇవాన్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు.

ఆ రోజుల్లో క్యూబెక్ పల్లెల్లో చలికాలం రోడ్ల మీద మంచు ఎత్తేవాళ్లు లేరు. మంచు పడగానే కార్లను షెడ్లలోకి తోసి, టైర్ల కింద దిమ్మలు పెట్టి, వసంతం దాకా వదిలేసేవారు. ప్రయాణమంతా గుర్రపు బండ్ల మీదే. కాబట్టి చలికాలంలో గ్యారేజీకి పని ఉండేది కాదు. ఆ ఖాళీ నెలల్లో బొంబార్డియర్ తన మంచు బండి మీద కుస్తీ పట్టేవాడు. మన చిత్రావతి ఇసుకలో ఎద్దులబండి చక్రం దిగబడటం చూసినవాళ్లకు ఆయన కష్టం సులభంగా అర్థమవుతుంది. బరువంతా చక్రం అంచు మీద పడితే దిగబడుతుంది. అదే బరువును వెడల్పు పట్టా మీద పరిస్తే తేలుతుంది. కానీ ఆ పట్టా మంచులో జారకుండా, తెగకుండా, గడ్డకట్టకుండా తిరగాలి. అక్కడే ఏళ్లు గడిచిపోయాయి.

1934 చలికాలం వచ్చింది. ఆయన రెండేళ్ల కొడుకు ఇవోన్‌కు కడుపునొప్పి. అపెండిక్స్ పగిలి కడుపంతా చీము పట్టింది. ఆపరేషన్ చేసే ఆస్పత్రి షెర్‌బ్రూక్‌లో ఉంది, దాదాపు యాభై కిలోమీటర్ల దూరం. దారంతా మంచు. ఊళ్లో కార్లు దిమ్మల మీద ఉన్నాయి. మంచు మీద పోగలిగే బండి లోకం మొత్తంలో ఎక్కడైనా ఉండవలసి ఉంటే అది ఈయన గ్యారేజీలోనే ఉండాలి. అక్కడ ఉంది కూడా, కాని పూర్తికాకుండా ఉంది. కదిలే స్థితిలో లేదు. పిల్లవాడు చనిపోయాడు.

నేను పుస్తకం మూసింది ఇక్కడే. అదే జబ్బు, ఇంచుమించు అంతే దూరం, కదలని బండి పక్కన నిలబడ్డ తండ్రి. తేడా ఒక్కటే. మా పెనుకొండ రోడ్డు మీద మంచు లేదు, చింతపండు లారీ ఉంది.

ఆ తండ్రి మనసులో ఏం జరిగిందో ఊహించి రాయడానికి నాకు ధైర్యం చాలదు. చేసింది మాత్రం చెప్పగలను. మరుసటి ఏడాదికల్లా, 1935లో, రబ్బరు పూసిన పళ్లచక్రం, దాని మీద తిరిగే రబ్బరు పట్టా తయారుచేశాడు. ముందు రెండు స్కీలు, వెనక పట్టాలు. ఈ ఏర్పాటుకు 1937లో పేటెంటు వచ్చింది. మొదట ఏడుగురు ఎక్కే బండి, 1942లో పన్నెండుగురు ఎక్కే బండి. ఇవి విలాసానికి కొన్న బండ్లు కావు. డాక్టర్లు కొన్నారు. టపా మోయడానికి కొన్నారు. కొన్ని బడిపిల్లలను మోశాయి, కొన్ని అంబులెన్సులుగా రోగులను మోశాయి. 1934లో ఏ బండి లేక తన బిడ్డ పోయాడో ఆ బండి ఇతరుల బిడ్డల కోసం ఊరూరా తిరిగింది. 1942లోనే ఆయన కంపెనీ రిజిస్టరయింది. యుద్ధకాలంలో సైన్యానికి కూడా మంచు బండ్లు చేసిచ్చాడు.

తర్వాత దెబ్బ తగిలింది. 1948లో క్యూబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మీద కూడా చలికాలం మంచు ఎత్తించాలని నిర్ణయించింది. ప్రజలకు మంచిదే, కాని పెద్ద మంచు బండ్ల గిరాకీ పడిపోయింది. ఇంకొకడైతే గ్యారేజీకి తాళం వేసేవాడేమో. ఈయన తన పట్టాను ట్రాక్టర్లకు బిగించాడు. బురదలో, చిత్తడి నేలల్లో పనిచేసే మస్కెగ్ అనే బండిని 1953లో తెచ్చాడు. అడవుల్లో, గనుల్లో అది బాగా ఉపయోగపడింది.

కానీ చిన్ననాటి కోరిక తీరలేదు. ఒకరో ఇద్దరో కూర్చుని పోయే చిన్న బండి కావాలి. దానికి తేలికైన ఇంజను కావాలి. 1950ల చివరికి గాలితో చల్లబడే చిన్న ఇంజన్లు బజారులోకి వచ్చాయి. ఆయన పెద్దకొడుకు జెర్మెయిన్ తెగకుండా తిరిగే రబ్బరు పట్టా తయారీలో చేయి కలిపాడు. 1959లో స్కీడూ వచ్చింది. కుక్కలు లాగే బండికి బదులుగా వస్తోంది కాబట్టి స్కీడాగ్ అని పేరు పెట్టబోతే చివరి అక్షరం తారుమారై స్కీడూ అయిందని ఒక కథ చెబుతారు. మొదటి ఏడాది అమ్ముడుపోయినవి 225. 1963–64 సీజన్‌కు ఆ లెక్క 8 వేలు దాటింది. ఆ సీజన్ ముగియకముందే, 1964 ఫిబ్రవరి 18న, 56 ఏళ్ల వయసులో క్యాన్సరుతో ఆయన కన్నుమూశాడు. ఆయన పేరుతో మిగిలిన కంపెనీ తర్వాత రైళ్లు, విమానాలు కూడా చేసింది. ఢిల్లీ మెట్రో పెట్టెలు కొన్ని ఆ కంపెనీ గుజరాత్‌లో తయారుచేసినవే. మంచు బండ్ల వ్యాపారం 2003లో వేరే సంస్థ అయింది, రైళ్ల వ్యాపారం 2021లో మరొకరి చేతికి పోయింది. ఆయన మొదటి గ్యారేజీని మాత్రం వాల్‌కూర్‌లో మ్యూజియంగా కాపాడుకున్నారు.

ఇప్పుడొక తమాషా గమనించండి. బొంబార్డియర్ కుర్రతనంలో వాల్‌కూర్‌లో చలికాలమంతా కార్లు పడుకునేవి. ఆయన పుణ్యమా అని ఎండాకాలమంతా మంచు బండ్లు పడుకోవడం మొదలైంది. ఏప్రిల్‌లో షెడ్డెక్కిన స్కీడూను మళ్లీ నవంబరులోనో డిసెంబరులోనో దించుతారు. ఏడెనిమిది నెలలు. కార్బొరేటర్ ఉన్న బండి అయితే మొదటి మంచు పడిన రోజున అక్కడి రైతు పడే పాట్లు, జూన్‌లో బడి తెరిచే నాటికి మా నాయన పడిన పాట్లే.

కారణం కూడా ఒకటే. పెట్రోల్ అంటే ఒకే ద్రవం కాదు. తేలికవీ బరువువీ కలిసిన మిశ్రమం. చల్లటి ఇంజను మొదటి కిక్కులో అందుకోవాలంటే చప్పున ఆవిరయ్యే తేలిక భాగం కావాలి. నిలవ ఉంటే ముందు ఎగిరిపోయేది అదే. మిగిలినది గాలి తగిలి జిగురుగా మారుతుంది. అందుకని తెలిసినవాడు తాడు లాగడానికి తొందరపడడు. ముందు ట్యాంకులో పాత పెట్రోల్ వంచేస్తాడు. గాలిపెట్టె విప్పి ఎలుకలు గూడు పెట్టాయేమో చూస్తాడు. పెట్రోల్ గొట్టాలు పగిలాయా అని వేలితో వంచి చూస్తాడు. కార్బొరేటర్ దించి, గిన్నె కడిగి, జెట్లు విప్పి, వెలుతురుకు పెట్టి అవతల వెలుగు కనిపిస్తోందా అని చూస్తాడు. రంధ్రంలో ఇనుప సూది గుచ్చడు, గుచ్చితే సందు పెద్దదై లెక్క తప్పుతుంది. క్లీనరు పోసి గాలి కొడతాడు. కొత్త ప్లగ్గు, తాజా పెట్రోల్. అప్పుడు చోక్ వేసి తాడు లాగుతాడు. మొదట తెల్లటి పొగ, ఒక దగ్గు, తర్వాత ఇంజను శ్రుతిలో పడుతుంది.

మా నాయన 2022లో పోయాడు. 1986 తర్వాత ఆయన ఆ స్కూటరును ఏనాడూ ట్యాపు కట్టకుండా నిలపలేదు. ఊరికి పోయేముందు ట్యాపు కట్టి, ఇంజను దానంతటది ఆగేదాకా ఆడనిచ్చేవాడు, గిన్నెలో చుక్క మిగలకూడదని. ఊళ్లో ఉంటే పదిహేను రోజులకోసారి పని లేకపోయినా స్టార్టు చేసేవాడు. మాకది చాదస్తంగా తోచేది. ఆయన పోయిన తర్వాత బండి ఏడాదికి పైగా అదే పంచలో ఉండిపోయింది. దసరా ఆయుధపూజకు అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచింది. నిమ్మకాయ తొక్కించాలంటే బండి కదలాలి కదా. తోసి తొక్కిద్దామని తమ్ముడు అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు, స్టార్టు చేసే తొక్కించమంది.

నేను చొక్కా విప్పి కూర్చున్నాను. పాత పెట్రోల్ సీసాలోకి వంచితే వార్నిష్ వాసన. సైలెన్సరు మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టింది, గీకి తీశాను. కార్బొరేటర్ విప్పేటప్పుడు నా చెయ్యి వణికింది. గిన్నె ఎండి ఉంది, కానీ శుభ్రంగా ఉంది. జిగురు లేదు. జెట్టును ఎండకు పెట్టి చూస్తే అవతల వెలుగు చుక్క. చివరిసారి దాన్ని నిలిపినవాడు ట్యాపు కట్టి, ఇంజను ఆడించి, గిన్నె ఖాళీ చేసే నిలిపాడు. పానాలో ఉన్నంత పట్టు ఒంట్లో లేని రోజుల్లో కూడా ఆ పని మరవలేదు. రబ్బరు గొట్టం ఒకటి పగిలి ఉంటే హిందూపురం పోయి పాత మెకానిక్కు దగ్గర తెచ్చుకున్నాను. కొత్త ప్లగ్గు, కొత్త పెట్రోల్, కొలత ప్రకారం టూటీ ఆయిల్. నాలుగో కిక్కుకు దగ్గింది, ఏడో కిక్కుకు అందుకుంది. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, పొగ వల్లేనంది. నిమ్మకాయ చిట్లింది.

కార్బొరేటర్ కాలం దాదాపు అయిపోయింది. 2019 నుంచి మా పెనుకొండ పక్కనే కియా ఫ్యాక్టరీలో కార్లు తయారవుతున్నాయి, వాటిలో కార్బొరేటర్ అనే వస్తువే లేదు. 2020లో వచ్చిన బీఎస్ సిక్స్ నిబంధనలతో మన కొత్త మోటారు సైకిళ్లలో కూడా దాని చోటును చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. కానీ మన హాస్టల్ షెడ్డులో అన్నయ్యలవీ, నాన్నలవీ పాత బండ్లు ఇంకా చాలానే ఉన్నాయి. పైగా 2025 నాటికి మన పెట్రోల్‌లో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరుకు పడదు. కాబట్టి నిలవ ఉంచడంలో జాగ్రత్త ఇప్పుడు ఇంకా ఎక్కువ కావాలి.

మిత్రులారా, పరీక్షలు రాసి ఎండాకాలం సెలవులకు ఊళ్లకు పోయే రోజున మీ అందరికీ తొందరే. ఆ తొందరలో రెండు నిమిషాలు షెడ్డు దగ్గర ఆగండి. ట్యాపు కట్టండి. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇంజను ఆడనివ్వండి. బండి స్టార్టు కావడం కిక్కు కొట్టిన రోజున తేలే విషయం కాదు. నిలిపిన రోజునే తేలిపోతుంది. ఏ అర్ధరాత్రి ఎవరికి ఆ బండి అవసరమవుతుందో మనకు తెలియదు. వాల్‌కూర్‌లో ఒక తండ్రి, పెనుకొండలో ఒక తండ్రి ఆ సంగతి కష్టం మీద నేర్చుకున్నారు. మనం సుఖంగా నేర్చుకుందాం.